దొన్యానాలో పక్షి వీక్షణ

దొన్యానా స్పెయిన్ దేశపు దక్షిణ భాగమైన ఆండలూసియాలో, గ్వాదల్‌కివీర్ నది అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసే చోట నెలకొని ఉన్న చిత్తడి నేలల, ఇసుక దిబ్బల, అడవుల సముదాయం. పశ్చిమ ఐరోపాకూ ఆఫ్రికాకూ మధ్య వలస పోయే పక్షులకు ఇది ముఖ్యమైన మజిలీ. ఐరోపాలో పక్షి వీక్షకులు అధికంగా దర్శించే ప్రదేశాలలో ఒకటిగా ఇది ప్రసిద్ధి చెందినది. ఇక్కడ ఇంతవరకు 300కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. 1969లో దీనిని జాతీయ వనంగా ప్రకటించారు. 1980లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతాల జాబితాలోను, 1982లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోను, 1994లో ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలోను ఇది చేరినది.

దొన్యానాలో పక్షుల రాకపోకలు నీటి రాకపోకలను అనుసరించి జరుగుతాయి. వానలు బాగా కురిసిన సంవత్సరం లక్షలాది పక్షులు కనిపించే చోట, అనావృష్టి సంవత్సరంలో నెర్రెలిచ్చిన బంకమన్ను మాత్రమే మిగులుతుంది. గత కొన్ని దశాబ్దాలుగా వ్యవసాయానికి, పర్యాటకానికి భూగర్భ జలాలను అధికంగా తోడడం వలన ఈ ప్రాంతపు మనుగడే ప్రశ్నార్థకమైనది.

పేరు

దొన్యానా అనే పేరు "దొన్యా ఆనా" అనే స్త్రీ పేరు నుండి వచ్చింది. స్పానిష్ భాషలో "దొన్యా" అనేది గౌరవవాచకం. తెలుగులో "అమ్మగారు" వంటిది. ఈ భూములు శతాబ్దాల పాటు మెదీనా సిదోనియా డ్యూకుల వేటభూములుగా ఉండేవి. ఏడవ డ్యూకు భార్య పేరు ఆనా గోమెజ్ దె మెందోసా. ఈమె నివాసం కోసం 16వ శతాబ్దపు చివరి భాగంలో అడవి మధ్యన ఒక భవనం కట్టించారు. అప్పటి నుండి ఈ ప్రాంతాన్ని ఆమె పేరుతోనే పిలుస్తున్నారు. 1624లో స్పెయిన్ రాజు నాలుగవ ఫిలిప్ ఇక్కడికి వేటకు వచ్చాడు. గ్వాదల్‌కివీర్ అనే నది పేరు అరబ్బీ భాషలోనిది. దానికి "పెద్ద నది" అని అర్థం.

భౌగోళిక స్వరూపం

జాతీయ వనం విస్తీర్ణం సుమారు 54,000 హెక్టార్లు. దీని చుట్టూ ఉన్న రక్షిత ప్రకృతి వనాన్ని కూడా కలుపుకొంటే మొత్తం విస్తీర్ణం లక్ష హెక్టార్లు దాటుతుంది. ఇందులో అధిక భాగం వెల్వా, సెవిల్ ప్రావిన్సులలో ఉన్నది. పక్షి వీక్షకుల దృష్టిలో ఈ ప్రాంతాన్ని నాలుగు భాగాలుగా విభజించవచ్చు.

పర్ర భూములు: స్పానిష్ భాషలో వీటిని "మరీస్మా" అంటారు. ఒకప్పుడు సముద్రపు అఖాతంగా ఉన్న చోట నది తెచ్చిన ఒండ్రు మేట వేయగా ఏర్పడిన విశాలమైన చదును నేల ఇది. కంటికి పూర్తిగా సమతలంగా కనిపించినా ఇందులో కొద్ది అంగుళాల ఎత్తు పల్లాలు ఉంటాయి. ఎత్తైన భాగాలు వాన కాలంలో లంకల వలె నీటి పైకి తేలి ఉంటాయి. వాటి మీదనే ఉల్లంకులు మొదలైన పక్షులు గూళ్లు పెడతాయి. పల్లపు భాగాలలో నీరు ఎక్కువ కాలం నిలుస్తుంది.

కదిలే ఇసుక దిబ్బలు: సముద్ర తీరం వెంబడి సుమారు 30 కిలోమీటర్ల పొడవున కట్టడాలు లేని ఇసుక తీరం ఉన్నది. నైరుతి గాలులకు ఇసుక దిబ్బలు ఏటా కొద్ది మీటర్ల చొప్పున లోపలికి జరుగుతూ, దారిలోని పైను చెట్లను కప్పివేస్తాయి. దిబ్బ ముందుకు సాగిపోయిన తరువాత ఎండిన మోడులు బయటపడతాయి.

స్థిరపడిన ఇసుక నేలలు: ఇవి పొదలతోను, పైను తోపులతోను, కార్క్ ఓక్ చెట్లతోను నిండి ఉంటాయి. వీటి మధ్య వాన నీటి వలన, భూగర్భ జలం పైకి ఉబకడం వలన ఏర్పడిన వందలాది కుంటలు, మడుగులు ఉన్నాయి.

అంచు నేల: ఇసుక నేల, పర్ర భూమి కలిసే సన్నని పట్టీని "వేరా" అంటారు. ఇసుకలోకి ఇంకిన వాన నీరు ఈ అంచున ఊటలుగా బయటకు వస్తుంది. అందువలన ఎండాకాలంలో కూడా ఇక్కడ పచ్చిక ఉంటుంది. కొంగల గూళ్లు, జింకల మందలు, వేట పక్షులు అన్నీ ఈ పట్టీ వెంబడే అధికంగా కనిపిస్తాయి.

ఋతువులు, నీరు

మధ్యధరా శీతోష్ణస్థితిలో వానలు శరదృతువు నుండి వసంతం వరకు కురుస్తాయి. వేసవి పూర్తిగా పొడిగా ఉంటుంది. ఇక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అయితే ఒక సంవత్సరానికీ మరొక సంవత్సరానికీ వర్షపాతంలో చాలా తేడా ఉంటుంది. పూర్వం వాననీటితో పాటు గ్వాదియమార్ నది వరద, గ్వాదల్‌కివీర్ పోటు నీరు కూడా పర్ర భూములకు చేరేవి. 20వ శతాబ్దంలో గట్లు, కాలువలు నిర్మించిన తరువాత ఇవి ప్రధానంగా వానల మీద, చిన్న వాగుల మీద ఆధారపడుతున్నాయి.

సంవత్సరంలో పక్షుల రాకపోకలు స్థూలంగా ఈ విధంగా ఉంటాయి.

* అక్టోబరు - డిసెంబరు: తొలి వానలకు పర్ర భూములు తడుస్తాయి. ఉత్తర ఐరోపా నుండి హంసబాతులు, సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, పరజలు వస్తాయి. పక్కనున్న వరి పొలాలలో కోతల తరువాత కొంగలు గుమిగూడుతాయి.
* జనవరి - ఫిబ్రవరి: నీరు నిండుగా ఉండే కాలం. నీటి పక్షుల సంఖ్య అత్యధికంగా ఉంటుంది. తెల్ల బకాలు జనవరిలోనే గూళ్లు సరిచేసుకోవడం మొదలు పెడతాయి.
* మార్చి - మే: ఆఫ్రికా నుండి వలస పక్షులు తిరిగి వచ్చే కాలం. నల్ల గద్దలు, పసిరిక పిట్టలు, కోయిల జాతి పక్షులు, వానకోయిలలు వస్తాయి. కొంగలు, తెడ్డుమూతి కొంగలు, ఫ్లెమింగోలు జత కడతాయి. వీక్షకులకు ఇదే అత్యుత్తమ కాలం.
* జూన్ - సెప్టెంబరు: నీరు ఇంకిపోతుంది. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. మిగిలిన మడుగుల దగ్గర మాత్రమే పక్షులు చేరుతాయి. ఆగస్టు నుండి దక్షిణ దిశగా వలస మొదలవుతుంది.

దొన్యానాకు ఆగ్నేయంగా ఉన్న జిబ్రాల్టర్ జలసంధి ఇరుకైన చోట వెడల్పు 14 కిలోమీటర్లు మాత్రమే. బకాలు, గద్దలు మొదలైన పెద్ద పక్షులు నేల వేడికి పైకి లేచే గాలిని ఆసరా చేసుకొని ఎగురుతాయి. సముద్రం మీద అటువంటి గాలి దొరకదు కనుక, అవి ఈ ఇరుకు దారినే ఆఫ్రికాకు దాటుతాయి. ఆ ప్రయాణానికి ముందు, తరువాత అవి ఆగి మేసే స్థలాలలో దొన్యానా ముఖ్యమైనది.

ముఖ్యమైన పక్షులు

ఫ్లెమింగో: దొన్యానాలో దాదాపు సంవత్సరం పొడవునా ఫ్లెమింగోలు కనిపిస్తాయి. అయితే వీటిలో చాలా పక్షులు గూడు పెట్టేది ఇక్కడ కాదు. మలాగా ప్రావిన్సులోని ఫ్వెంతె దె పియెద్రా అనే ఉప్పునీటి సరస్సులో స్పెయిన్‌లోకెల్లా పెద్దదైన ఫ్లెమింగోల కాలనీ ఉన్నది. అక్కడ నీరు తగ్గినపుడు తల్లిదండ్రులైన పక్షులు సుమారు 150 కిలోమీటర్లు ఎగిరి గ్వాదల్‌కివీర్ పర్ర భూములలో మేసి, తిరిగి వెళ్లి పిల్లలకు మేత పెడతాయి. ఈ ప్రయాణం ఎక్కువగా రాత్రి వేళ జరుగుతుంది. ఒక చోటి చిత్తడి నేల ఎండిపోతే దూరాన ఉన్న మరొక చోట పిల్లలు ఆకలితో ఉండవలసి వస్తుందనడానికి ఇదొక నిదర్శనం.

బూడిదరంగు హంసబాతు: స్కాండినేవియా మొదలైన ఉత్తర ప్రాంతాల నుండి శీతకాలంలో ఇక్కడికి వస్తుంది. బురదలో ఉండే తుంగ జాతి మొక్కల దుంపలను పెకలించి తింటుంది. ఈ గట్టి దుంపలు అరగడానికి దాని కందనకాయలో ఇసుక అవసరం. బంకమట్టి పర్రలో ఇసుక దొరకదు కనుక, తెల్లవారు జామున గుంపులు గుంపులుగా ఎగిరి, పర్రకు ఆనుకొని ఉన్న ఒక ఇసుక దిబ్బ మీద వాలి ఇసుక మింగి వెళతాయి. ఆ దిబ్బకు "హంసబాతుల గుట్ట" అనే అర్థం వచ్చే పేరు ఉన్నది. ఒకప్పుడు పదుల వేల సంఖ్యలో వచ్చిన ఈ బాతులు ఇప్పుడు బాగా తగ్గాయి. ఉత్తరాదిన శీతకాలపు చలి తగ్గడంతో చాలా బాతులు మధ్య దారిలోనే ఆగిపోవడం ఇందుకు ఒక కారణం.

తెడ్డుమూతి కొంగ: అంచు నేలలోని పాత కార్క్ ఓక్ చెట్ల మీద తెడ్డుమూతి కొంగలు, నారాయణ పక్షులు, చిన్న తెల్ల కొంగలు కలిసి గూళ్లు పెడతాయి. ఒక్కొక్క చెట్టు మీద పదుల కొద్దీ గూళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి రాలిన రెట్టల వలన ఈ వృద్ధ వృక్షాలు కొన్ని ఎండిపోయాయి. పశ్చిమ ఐరోపాలో చాలా కాలం వరకు తెడ్డుమూతి కొంగలకు నెదర్లాండ్స్, ఆండలూసియా మాత్రమే చెప్పుకోదగ్గ స్థావరాలుగా ఉండేవి.

గ్లాసీ ఐబిస్: కంకణాల జాతికి చెందిన, ముదురు రాగి రంగులో నిగనిగలాడే పక్షి. 20వ శతాబ్దంలో చాలా కాలం పాటు ఇది స్పెయిన్‌లో గూడు పెట్టలేదు. 1996లో కొద్ది జంటలు దొన్యానాలో తిరిగి గూళ్లు పెట్టాయి. పదిహేను సంవత్సరాలు గడిచే సరికి ఆ సంఖ్య వేలకు చేరినది. దొన్యానాలో కాలికి ఉంగరాలు తొడిగిన ఐబిస్‌లు ఇంగ్లండు వరకు వెళ్లి కనిపించాయి. పరిసర వరి పొలాలు ఈ వృద్ధికి తోడ్పడ్డాయి.

ఊదా నీటికోడి: ఎర్రని ముక్కు, పొడవాటి కాళ్లు గల ఈ పక్షి 20వ శతాబ్దపు మధ్య భాగంలో స్పెయిన్ మొత్తం మీద దాదాపుగా గ్వాదల్‌కివీర్ పర్రలకే పరిమితమైనది. వేటను నిషేధించి, ఇతర సరస్సులలో మళ్లీ ప్రవేశపెట్టిన తరువాత దీని సంఖ్య పెరిగినది. భారతదేశంలోని ఊదా నీటికోడి దీనికి దగ్గరి బంధువు.

అరుదైన బాతులు, నామాల కోడి: చుక్కల ఒళ్లు గల పాలరాతి బాతు, నీలి ముక్కు గల తెల్లతల బాతు, నుదుట రెండు ఎర్రని బుడిపెలు గల నామాల కోడి ఇక్కడి అరుదైన నీటి పక్షులు. వీటిని చూడడానికే అనేక మంది వీక్షకులు దూర దేశాల నుండి వస్తారు. పాలరాతి బాతు పరిస్థితి అత్యంత సంకటమైనదని స్పెయిన్ ప్రభుత్వం 2018లో ప్రకటించింది. ఎండాకాలం ఆరంభంలో ఇది గూడు పెడుతుంది. నీరు త్వరగా ఇంకిపోయిన సంవత్సరాలలో పిల్లలు ఎగరడానికి ముందే మడుగు ఎండిపోతుంది. అందుకే ఈ బాతుకు అనావృష్టి వలన ఇతర పక్షుల కంటే ఎక్కువ నష్టం కలుగుతున్నది.

స్పానిష్ రాజ గరుడ పక్షి: భుజాల మీద తెల్లని మచ్చలు గల ఈ డేగ ఐబీరియా ద్వీపకల్పంలో మాత్రమే నివసిస్తుంది. దీని ముఖ్యమైన ఆహారం కుందేళ్లు. 1960లలో దేశం మొత్తం మీద సుమారు 30 జంటలు మాత్రమే మిగిలాయని అంచనా. విషపు ఎరలను అరికట్టడం వలన, విద్యుత్ స్తంభాల తీగలకు రక్షణ తొడుగులు వేయడం వలన ఈ జాతి కోలుకొని, 2020ల నాటికి స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో కలిపి 800 జంటలను దాటినది. దొన్యానాలో మాత్రం కొద్ది జంటలే ఉన్నాయి.

నీలిరెక్కల మాగ్పై: పైను తోపులలోను, సందర్శక కేంద్రాల ఆవరణలలోను గుంపులుగా కనిపించే పక్షి. ఇటువంటి పక్షులు మళ్లీ చైనా, జపాన్ ప్రాంతాలలో మాత్రమే ఉన్నాయి. పూర్వకాలపు పోర్చుగీసు నావికులు వీటిని తూర్పు దేశాల నుండి తెచ్చి ఉంటారని చాలా కాలం భావించారు. జిబ్రాల్టర్‌లో దొరికిన శిలాజాలు, జన్యు పరిశోధనలు ఆ అభిప్రాయం సరికాదని నిరూపించాయి. ఐబీరియా పక్షిని ఇప్పుడు ప్రత్యేక జాతిగా పరిగణిస్తున్నారు.

కనుమరుగైన పక్షి: ఒకప్పుడు ఇక్కడి పొదలలో సంచరించిన ఆండలూసియా బటన్ క్వెయిల్ అనే చిన్న నేల పక్షి స్పెయిన్‌లో అంతరించినట్లు 2018లో అధికారికంగా ప్రకటించారు. ధ్రువీకరించబడిన చివరి నమోదు 1981 నాటిది. అది కూడా దొన్యానాకు చెందినదే.

ఫ్లెమింగో, తెడ్డుమూతి కొంగ, గ్లాసీ ఐబిస్, పొడుగుకాళ్ల ఉల్లంకి ఆంధ్ర ప్రదేశ్‌లోని పులికాట్, కొల్లేరు సరస్సులలోను కనిపించే జాతులే. అయితే దొన్యానా పక్షులు ఆఫ్రికా మార్గంలో సంచరిస్తాయి. భారతదేశానికి వచ్చేవి మరొక మార్గానికి చెందినవి.

పక్షి వీక్షణ చరిత్ర

దొన్యానా పక్షులను గురించి బయటి ప్రపంచానికి విస్తారంగా తెలియజేసిన తొలి వారిలో ఆంగ్లేయులైన ఏబెల్ చాప్‌మన్, వాల్టర్ బక్ పేర్కొనదగినవారు. బక్ హెరెజ్ పట్టణంలో ద్రాక్షసారా వర్తకుడు. వీరు వేట నిమిత్తం ఇక్కడికి వచ్చి, తాము చూసిన పక్షులను గురించి 1893లో "వైల్డ్ స్పెయిన్" అనే గ్రంథాన్ని, 1910లో "అనెక్స్‌ప్లోర్డ్ స్పెయిన్" అనే గ్రంథాన్ని ప్రచురించారు. ఫ్లెమింగో తన ఎత్తైన మట్టి గూడుకు అటొక కాలు, ఇటొక కాలు వేలాడదీసి కూర్చుంటుందని అంతకు ముందు నమ్మేవారు. అది కాళ్లు మడిచి కూర్చుంటుందని చాప్‌మన్ 1883లో ఈ పర్రలలో చూసి తెలియజేశాడు. ఆ కాలంలో పర్రలలో అడవి పట్టిన ఒంటెలు కూడా సంచరించేవి.

20వ శతాబ్దపు మధ్య భాగంలో ఈ నేలలను ఆరగట్టి సాగుకు తేవాలని, ఇసుక నేలలలో యూకలిప్టస్ తోటలు వేయాలని ప్రయత్నాలు జరిగాయి. అదే సమయంలో ఫ్రాన్సిస్కో బెర్నిస్, హోసె ఆంతోనియో వాల్వెర్దె అనే స్పానిష్ శాస్త్రవేత్తలు ఇక్కడ పక్షుల అధ్యయనం, కాలికి ఉంగరాలు తొడిగే పని ప్రారంభించారు. 1954లో స్పానిష్ పక్షిశాస్త్ర సంఘం ఏర్పడినది. భూస్వాములలో ఒకరైన మౌరీసియో గొంజాలెజ్ గోర్దోన్ ఆ సంఘ స్థాపకులలో ఒకరు. ఆయన శాస్త్రవేత్తలకు ఆతిథ్యమిచ్చి, భూములను ఆరగట్టే యోచనను వ్యతిరేకించాడు.

ఆంగ్ల పక్షి వీక్షకుడు గై మౌంట్‌ఫర్ట్ 1952, 1956, 1957 సంవత్సరాలలో ఇక్కడికి యాత్రా బృందాలను తీసుకొని వచ్చాడు. జూలియన్ హక్స్‌లీ, రోజర్ టోరీ పీటర్సన్, మాక్స్ నికల్సన్, ఛాయాచిత్రకారుడు ఎరిక్ హాస్కింగ్ ఈ యాత్రలలో పాల్గొన్నవారు. మౌంట్‌ఫర్ట్ 1958లో ప్రచురించిన "పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ విల్డర్‌నెస్" అనే గ్రంథం దొన్యానాకు ఐరోపా అంతటా పేరు తెచ్చింది. 1961లో ప్రపంచ వన్యప్రాణి నిధి ఏర్పడినపుడు దానిని స్థాపించిన వారిలో మౌంట్‌ఫర్ట్, నికల్సన్, హక్స్‌లీ ఉన్నారు. ఆ సంస్థ తొలి రోజులలో చేపట్టిన పనులలో ముఖ్యమైనది దొన్యానాలో భూమి కొనడం. 1963లో విరాళాలతో సుమారు 7,000 హెక్టార్లు కొని స్పెయిన్ ప్రభుత్వ శాస్త్ర పరిశోధనా మండలికి అప్పగించారు. 1964లో అక్కడ దొన్యానా జీవశాస్త్ర కేంద్రం ఏర్పడగా వాల్వెర్దె దానికి తొలి సంచాలకుడైనాడు. అయిదేళ్ల తరువాత జాతీయ వనం ఏర్పడినది. ఈ విధంగా వేటభూమి రక్షిత ప్రాంతంగా మారడానికి పక్షి వీక్షకుల కృషి ప్రధాన కారణం.

జీవశాస్త్ర కేంద్రం వారు దశాబ్దాలుగా నెలనెలా చిన్న విమానంలో పర్ర మీదుగా ఎగురుతూ నీటి పక్షులను లెక్కిస్తున్నారు. ఈ లెక్కల వలననే పక్షుల హెచ్చుతగ్గులను గురించి ఆధారాలతో మాట్లాడడం సాధ్యమవుతున్నది.

చూడదగిన స్థలాలు

జాతీయ వనం లోపలి భాగాలలోకి సందర్శకులు తమంత తాముగా వెళ్లడానికి వీలు లేదు. అనుమతి పొందిన వాహనాలలో, మార్గదర్శకులతో వెళ్లాలి. అయినా వనం అంచున ఉన్న స్థలాల నుండే అధిక భాగం జాతులను చూడవచ్చు.

* ఎల్ రొసీయో: పర్ర ఒడ్డున ఉన్న గ్రామం. వీధులన్నీ ఇసుకతో ఉంటాయి; జనం గుర్రాల మీద తిరుగుతారు. గ్రామపు ఒడ్డున నడకదారి నుండే ఫ్లెమింగోలు, తెడ్డుమూతి కొంగలు, ఐబిస్‌లు కనిపిస్తాయి. పక్షిశాస్త్ర సంఘం వారి వీక్షణ కేంద్రం ఇక్కడే ఉన్నది; దానికి బెర్నిస్ పేరు పెట్టారు. ఏటా మే, జూన్ నెలలలో వచ్చే పెంతెకొస్తు పండుగకు ఇక్కడి మేరీమాత గుడికి లక్షలాది యాత్రికులు వస్తారు. ఆ రోజులలో బస దొరకడం కష్టం.
* లా రొసీనా: ఎల్ రొసీయోకు సమీపంలో వాగు వెంబడి ఉన్న సందర్శక కేంద్రం. చెక్క నడకదారి, చాటు గుడిసెలు ఉన్నాయి. పొదలలో పాడే చిన్న పిట్టలకు ఇది అనువైనది.
* ఎల్ అసెబూచె: వనపు ప్రధాన సందర్శక కేంద్రం. లోపలికి వెళ్లే వాహనాలు ఇక్కడి నుండి బయలుదేరుతాయి. ఐబీరియా లింక్స్ అనే అడవి పిల్లిని పెంచి విడిచిపెట్టే కేంద్రం కూడా ఇక్కడే ఉన్నది.
* హోసె ఆంతోనియో వాల్వెర్దె కేంద్రం: పర్రకు ఉత్తరపు అంచున, ఊళ్లకు దూరంగా ఉన్నది. పెద్ద అద్దాల కిటికీల నుండి కొంగల, ఐబిస్‌ల గూళ్లను దగ్గరగా చూడవచ్చు. వానల తరువాత దారి బురదగా ఉంటుంది.
* దెహేసా దె అబాహో: లా ప్వెబ్లా దెల్ రీయో పట్టణానికి సమీపంలో ఉన్న చిన్న రక్షిత స్థలం. అడవి ఆలివ్ చెట్ల మీద తెల్ల బకాల పెద్ద కాలనీ ఉన్నది.
* బ్రాసో దెల్ ఎస్తె: గ్వాదల్‌కివీర్ నది వదిలివేసిన పాత పాయ. రెల్లు, జమ్ము దుబ్బుల మధ్య ఊదా నీటికోళ్లు, చింతవొక్కులు ఉంటాయి.
* సాన్లూకర్ దె బరమేదా: నదీముఖం వద్ద ఎదుటి ఒడ్డున ఉన్న పట్టణం. ఇక్కడి నుండి పడవలో నది మీదుగా వనాన్ని దర్శించవచ్చు.

వరి పొలాలు

పర్ర భూములు ఒకప్పుడు లక్షన్నర హెక్టార్లకు పైగా ఉండేవి. 20వ శతాబ్దంలో వాటిలో అధిక భాగాన్ని ఆరగట్టి సాగులోకి తెచ్చారు. సహజ స్థితిలో మిగిలినది సుమారు అయిదవ వంతు మాత్రమే. సాగులోకి వచ్చిన భూములలో వేల హెక్టార్లు వరి పొలాలైనాయి. ఇస్లా మయోర్ గ్రామం ఈ సాగుకు కేంద్రం. ఇక్కడ నారు పోసి నాట్లు వేసే పద్ధతి లేదు. మే నెలలో మడులకు నీరు పెట్టి, నానబెట్టిన విత్తనాలను చిన్న విమానాల నుండి చల్లుతారు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో యంత్రాలతో కోస్తారు.

సహజమైన పర్ర ఎండిపోయి ఉండే వేసవిలో ఈ మడులలో నీరు ఉంటుంది. కోతల తరువాత బురద దున్నే ట్రాక్టర్ల వెనుక బకాలు, కొంగలు, ఐబిస్‌లు, సముద్రపు కాకులు వేల సంఖ్యలో మూగుతాయి. వీటి ముఖ్యమైన మేత 1974లో అమెరికాలోని లూసియానా నుండి తెచ్చి వదిలిన ఎర్ర చిత్తడి రొయ్య. ఈ రొయ్య నీటి మొక్కలను, స్థానిక కప్పలను దెబ్బ తీసింది; అదే సమయంలో పక్షులకు సమృద్ధిగా ఆహారమైనది, గ్రామానికి వ్యాపారమైనది. సహజమైన చిత్తడి నేలను కోల్పోయిన పక్షులకు వరి పొలం కొంతవరకు ఆసరా. అయితే ఆ ఆసరా కూడా నీటి మీదనే ఆధారపడి ఉన్నది. అనావృష్టి కారణంగా జలాశయాలు అడుగంటడంతో 2023లో ఈ ప్రాంతంలో వరి సాగు దాదాపుగా జరగలేదు. ఆ సంవత్సరం పర్ర, పొలం రెండూ ఎండిపోయాయి.

1998 గని ప్రమాదం

1998 ఏప్రిల్ 25న దొన్యానాకు ఉత్తరంగా ఉన్న అస్నల్‌కోయార్ గని వద్ద వ్యర్థాలను నిలువ చేసే చెరువు కట్ట తెగిపోయింది. అయిదు, ఆరు మిలియన్ల ఘనపు మీటర్ల ఆమ్లపు నీరు, లోహాలతో కూడిన బురద గ్వాదియమార్ నదిలోకి ప్రవహించి సుమారు 4,600 హెక్టార్ల భూమిని ముంచివేసింది. చేపలు టన్నుల కొద్దీ చనిపోయాయి. అత్యవసరంగా అడ్డుకట్టలు వేయడం వలన అధిక భాగం జాతీయ వనంలోకి చేరక ముందే ఆగిపోయింది. ఆ తరువాత బురదను తవ్వి తరలించి, నది వెంబడి పొలాలను ప్రభుత్వం సేకరించి చెట్లు నాటి హరిత మార్గంగా మార్చారు. ఇదే సమయంలో "దొన్యానా 2005" అనే పేరుతో పర్రకు పూర్వపు నీటి దారులను పునరుద్ధరించే పథకం మొదలైనది. దీనిలో భాగంగా కరకోలెస్ అనే సుమారు 2,700 హెక్టార్ల సాగుభూమిని మళ్లీ పర్రగా మార్చారు. గట్లు తొలగించి నీరు నిలిచిన తరువాత నీటి పక్షులు అక్కడికి తిరిగి రావడం గమనించారు.

నీటి సమస్య

గని ప్రమాదం ఒక్క రోజులో జరిగి అందరి దృష్టిని ఆకర్షించింది. భూగర్భ జలాల క్షీణత మాత్రం దశాబ్దాలుగా నెమ్మదిగా జరుగుతున్నది. వెల్వా ప్రావిన్సు స్పెయిన్‌లో పండే స్ట్రాబెర్రీలలో అత్యధిక భాగాన్ని పండిస్తుంది. ప్లాస్టిక్ గుడారాల కింద పండే ఈ పంటకు బోరు బావుల నీరు ఆధారం. అనుమతి లేని బావులు, అనుమతికి మించిన తోడకం కూడా ఉన్నాయి. తీరాన ఉన్న మతలాస్కాన్యాస్ విహార పట్టణపు అవసరాలకు తోడే నీటి వలన సమీపంలోని కుంటలు దెబ్బతిన్నాయి. భూగర్భ జల మట్టం తగ్గినపుడు మొదట ఎండిపోయేవి ఇసుక నేలలోని కుంటలు, అంచు నేలలోని ఊటలు. 2013 నుండి పెద్ద కుంటలలో 59 శాతం నీటితో నిండలేదని జీవశాస్త్ర కేంద్రం వారి అధ్యయనం 2023లో తెలియజేసింది. వనంలోని శాశ్వత మడుగులలో పెద్దదైన సాంతా ఒలాయా 2022 సెప్టెంబరులోను, తిరిగి 2023 ఆగస్టులోను పూర్తిగా ఎండిపోయింది.

ఈ సమస్యపై జరిగిన ముఖ్య పరిణామాలు:

* 2014లో ప్రాంతీయ ప్రభుత్వం వనానికి ఉత్తరాన సాగునీటి భూముల హద్దులను నిర్ణయిస్తూ ఒక ప్రణాళికను ఆమోదించింది. పలువురు రైతులు తమ భూములు దానిలో చేరలేదని అభ్యంతరం తెలిపారు.
* 2020లో మూడు భూగర్భ జల విభాగాలు ప్రమాద స్థితిలో ఉన్నట్లు ప్రకటించారు.
* 2021 జూన్ 24న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం, దొన్యానాకు నీరందించే భూగర్భ జలాలను కాపాడే బాధ్యతను స్పెయిన్ సరిగా నెరవేర్చలేదని తీర్పు ఇచ్చింది.
* 2023లో మరికొన్ని భూములకు సాగునీటి హక్కు కల్పించే బిల్లు ప్రాంతీయ శాసనసభ ముందుకు రాగా శాస్త్రవేత్తలు, ఐరోపా కమిషన్ అభ్యంతరం తెలిపారు. అదే సంవత్సరం నవంబరులో కేంద్ర, ప్రాంతీయ ప్రభుత్వాలు 140 కోట్ల యూరోల పథకానికి అంగీకరించాయి, బిల్లును విరమించారు. సాగు మానుకొని భూమిని అడవిగా మార్చే రైతులకు పరిహారం ఇవ్వడం ఈ పథకంలోని ఒక అంశం.

రైతుల వైపు నుండి చూస్తే, తక్కువ భూమిలో ఎక్కువ మందికి పని కల్పించే పంట ఇది. వేల కుటుంబాలు, వలస కూలీలు దీనిపై ఆధారపడి ఉన్నారు. చట్టబద్ధంగా నీరు వాడుకొనే రైతులు, అక్రమ బావుల వలన తమకు చెడ్డపేరు వస్తున్నదని చెబుతారు. అందువలన దీనిని పక్షులకూ మనుషులకూ మధ్య తగవుగా మాత్రమే చూడడం సరి కాదు. భూగర్భ జలం అడుగంటితే బావులు కూడా ఎండిపోతాయి.

2025 మార్చిలో కురిసిన భారీ వానలకు పర్రలో అధిక భాగం మళ్లీ నీటితో నిండి, పక్షులు తిరిగి వచ్చాయి. వాననీటితో నిండే పర్ర ఒక్క మంచి సంవత్సరంలో తేరుకొంటుంది. భూగర్భ జలంతో నిండే ఇసుక కుంటలు తేరుకోవడానికి మాత్రం చాలా సంవత్సరాలు పడుతుంది. కొన్ని కుంటలలో ఇప్పటికే పైను చెట్లు, పొదలు మొలిచాయి.

సందర్శకులకు సూచనలు

* ఫిబ్రవరి నుండి మే వరకు వెళ్లడం ఉత్తమం. బయలుదేరే ముందు ఆ సంవత్సరం పర్రలో నీరు ఎంత ఉన్నదో తెలుసుకోవడం అవసరం. నీరు లేని సంవత్సరంలో వరి పొలాలు, బ్రాసో దెల్ ఎస్తె వంటి చోట్ల ఎక్కువ పక్షులు కనిపిస్తాయి.
* ఉదయం, సాయంత్రం వేళలు అనుకూలం. మధ్యాహ్నం ఎండమావుల వలన దూరపు పక్షులు స్పష్టంగా కనిపించవు. పర్ర విశాలమైనది కనుక దుర్భిణితో పాటు ముక్కాలి పీట మీద నిలిపే దూరదర్శిని ఉండడం మేలు.
* ఎల్ రొసీయో నడకదారి నుండి ఉదయం పూట సూర్యుడు ఎటున్నాడో గమనించి నిలబడాలి. ఎదురెండలో పక్షుల రంగులు తెలియవు.
* గూళ్ల సమీపానికి వెళ్లడం, ధ్వని పరికరాలతో పక్షుల కూతలు వినిపించి వాటిని రప్పించడం తగదు.
* వరి పొలాల గట్ల మీది దారులు రైతులవి. వాహనాలు అడ్డుగా నిలపరాదు.

ఇవి కూడా చూడండి

* చిత్తడి నేలలు
* రామ్‌సర్ ఒప్పందం
* పక్షుల వలస
* పులికాట్ సరస్సు
* కొల్లేరు సరస్సు
* నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రం